తువ్వాల్లో చుట్టిన సీసా

సత్తిబాబు స్వతహాగా అబద్ధాలాడే మనిషి కాడు. ఆడింది ఒక్కటే, అదీ ఆరేళ్ళ కిందట, ఫోన్లో, కన్నతండ్రితో. అయితే ఒక అబద్ధం దాచడానికి వంద అబద్ధాలు కావాలంటారు కదా, ఆ లెక్కన అతను ఈపాటికి తొంభై దాటేసి ఉంటాడు.

అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. అన్నవరం మొక్కు ఫలించి పుట్టాడని పెట్టిన పేరు. తునిలో పుట్టి పెరిగి, అకౌంటింగ్ చదవడానికి ఆస్ట్రేలియా వచ్చాడు. చదువైతే పూర్తయింది గానీ దానికి తగ్గ ఉద్యోగం మాత్రం దొరకలేదు. టూవూంబా అనే ఊరికి రెండు గంటల దూరంలో, స్టాన్‌థార్ప్ వైపు చలికొండల మీద ద్రాక్ష కోతలకి మనుషులు కావాలంటే వెళ్ళాడు. కోతలయ్యాక మిగతా కుర్రాళ్ళంతా బస్సెక్కారు. ఇతన్ని మాత్రం టెరేసా ఉండమంది.

టెరేసాకి ఇప్పుడు డెబ్భై తొమ్మిదేళ్ళు. తాతలు ఇటలీ నుంచి వచ్చి ఆ రాతినేలలో ద్రాక్ష పాతారట. ఆవిడ, ఆవిడ కొడుకు పాల్, కోడలు, వీళ్ళే ఆ వైనరీకి యజమానులూ, కూలీలూ. సత్తిబాబు వీసా కాగితాల మీద సంతకం పెట్టింది ఆవిడే. శాశ్వత నివాసానికి పీఆర్ వచ్చిన రోజున అతను నవ్వుతుంటే కళ్ళు తుడుచుకున్నదీ ఆవిడే.

అక్కడ చేసేది పొంగే తెల్ల వైను. పులిసిన ద్రాక్షరసాన్ని సీసాల్లో పోసి మూత బిగిస్తే అది లోపలే రెండోసారి పులుస్తుంది. మూడేళ్ళు చీకట్లో పడుకోబెడతారు. తర్వాత చిల్లులున్న చెక్క బల్లలకి తలకిందులుగా గుచ్చి, రోజూ ప్రతి సీసానీ కాస్త కాస్త తిప్పుతారు. అలా తిప్పగా తిప్పగా మడ్డంతా మెడలోకి దిగుతుంది. అప్పుడు మెడ మటుకు గడ్డకట్టించి, మూత తీస్తే మడ్డి ఎగిరి బయటపడుతుంది, లోపల తేటగా మిగులుతుంది. పెద్ద కంపెనీల్లో ఈ తిప్పుడు పని యంత్రాలు చేస్తాయి. టెరేసా ఇంట్లో చేతులే చేస్తాయి. ఆరేళ్ళుగా ఆ చేతులు సత్తిబాబువి, రెండు చేతులా రెండు సీసాలు, పూటకి రెండు వేల సీసాలు.

పని అతనికి ఇష్టం. చెప్పుకోవడమే కష్టం.

ఎందుకంటే సత్తిబాబు తాత తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. తండ్రి వాసుదేవరావు ఆ మోకూ కత్తీ చూస్తూ పెరిగి, పట్టుదలగా చదివి, తెలుగు మాస్టారై, ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆయన గడపలోకి కల్లు మాట కూడా రానిచ్చేవాడు కాదు. "ఉద్యోగం దొరికిందిరా?" అని ఆయన ఫోన్లో అడిగినప్పుడు, సత్తిబాబు చేతులకి అంటిన పులుపు వాసన ఇంకా పోలేదు. నోటికి మాత్రం "ఫుడ్ కంపెనీలో క్వాలిటీ మేనేజర్ని నాన్నా" అన్న మాట ఎక్కడినుంచో ఊడిపడింది. తండ్రి ఆ మాట తునిలో వీధివీధికీ పంచిపెట్టాడు. ఇక వెనక్కి తీసుకునే దారి లేకుండా పోయింది.

భార్య కాత్యాయని టూవూంబా ఆసుపత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం కోసం కాపురం టూవూంబాలో పెట్టారు, కూతురు సృజన పుట్టిందీ అక్కడే. సత్తిబాబు సోమవారం పొద్దున్నే కొండకి వెళ్ళి గురువారం సాయంత్రం ఇల్లు చేరతాడు. తెలుగువాళ్ళు అడిగితే "ప్లాంట్ విజిట్" అంటాడు. కాత్యాయని ఈ మాట ఎప్పుడూ అనలేదు. "నన్నడిగితే ఏమీ చెప్పను, కానీ అబద్ధం మాత్రం నా నోట రాదు" అని మొదటే తేల్చేసింది.

ఈ వైశాఖంలో కొత్త ఇల్లు పూర్తయింది. శనివారం గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. వాసుదేవరావు రెండు వారాల ముందే తుని నుంచి దిగాడు. పిలవాల్సినవాళ్ళ జాబితాలో కాత్యాయని మొదటి పేరు టెరేసా అని రాసింది.

"ఆవిణ్ణెందుకు? రెండు గంటలు డ్రైవ్ చేసుకుని రావాలి" అన్నాడు సత్తిబాబు.

"ఈ ఇంటికి లోన్ వచ్చిందంటే ఆవిడిచ్చిన ఉద్యోగం మీదేనండి. ఆవిణ్ణి పిలవకుండా పాలు పొంగిస్తే నాకు మనసొప్పదు" అంది కాత్యాయని. ఇక అతనికి ముసలావిడ రాకపోవచ్చన్న ఆశొకటే మిగిలింది.

వచ్చింది. అందరికంటే ముందు వచ్చింది. నీలం రంగు గౌను, మెడలో ముత్యాలు, పాల్ చెయ్యి పట్టుకుని కారు దిగి, గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పింది. చంకలో పసిపిల్లని పట్టుకున్నట్టు ఒక సీసా, అది కొత్త తువ్వాల్లో మొత్తం చుట్టేసి ఉంది.

"ఇది ఇప్పుడే విప్పకు సత్యా. అందరూ కూర్చున్నాక, అందరి ముందూ విప్పు" అంది నవ్వుతూ.

సత్తిబాబు వెనక్కి తిరిగి చూశాడు. లోపల పీటల మీద కలశం, హాల్లో పట్టుపంచెతో తండ్రి. "చల్లగా ఉండాలి కదా, లోపల పెడతాను" అని సీసా అందుకుని గరాజులోకి పరిగెత్తాడు. అక్కడి పెద్ద ఫ్రీజర్ మూత ఎత్తి, బెండకాయ ముక్కలూ మునక్కాడలూ కరివేపాకూ ఉన్న పొట్లాల కింద దాన్ని కుక్కేశాడు. రోజూ సీసా మెడ గడ్డకట్టించే పనివాడికి, సీసా మొత్తం గడ్డకడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? భయమొచ్చినప్పుడు మనిషికి వచ్చిన పని కూడా రాదు.

బ్రిస్బేన్ నుంచి వచ్చిన పంతులుగారు వ్రతం మొదలుపెట్టారు. టెరేసా వెనక కుర్చీలో చేతులు జోడించుకుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా గుడిలో కూర్చున్నట్టు కూర్చుంది. కథ వినడం అందరికీ అలవాటే కనుక ఎవరూ సరిగా వినలేదు. పడవలో ఏముందని సన్న్యాసి అడగడం, షావుకారు ధనమంతా దాచుకుని ఆకులూ అలములూ అని బొంకడం, పడవ నిండా నిజంగానే ఆకులై కూర్చోవడం, ఇవన్నీ సత్తిబాబు చెవులని తాకి వెళ్ళిపోయాయి. అతను టెరేసానే చూస్తున్నాడు. ఆవిడ నాలుగైదుసార్లు గరాజు తలుపు వైపు చూసింది.

భోజనాల దగ్గర అసలు సంగతి జరిగింది. టూవూంబాలో మనవాళ్ళకి వాట్సాప్ గ్రూపు ఉంది గానీ, శేషుకుమారి ఆంటీ ఉండగా అది దండగ. ఆవిడ చెవిన పడ్డ మాట సాయంత్రానికి బ్రిస్బేన్ చేరుతుంది. ఆవిడ సరిగ్గా టెరేసా పక్కన కూర్చుంది. ఆవిడకి అటు పక్కన వాసుదేవరావు.

"సత్తిబాబూ, ఈవిడెవరో ఇంట్రడ్యూస్ చెయ్యవేంటి?" అంది శేషుకుమారి.

టెరేసాకి ప్రశ్న అర్థమైంది. పూర్ణంబూరె ఆకులో పెట్టి, చేతులు తుడుచుకుని, నిటారుగా కూర్చుంది. పొద్దుటినుంచీ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆవిడ మొహం విప్పారింది. ఆవిడ నోరు తెరిచేలోగా సత్తిబాబు తెలుగులో అందుకున్నాడు.

"మా కంపెనీకి ద్రాక్షపళ్ళు ఈవిడ తోటనుంచే కొంటామండి ఆంటీ. సప్లయర్. పాపం, ఊరికే పిలిస్తే అంత దూరం వచ్చారు."

తెలుగులో అన్నది తెలుగులోనే ఉండిపోతుందనుకున్నాడు వెర్రివాడు. శేషుకుమారి ఆంటీ వెంటనే టెరేసా వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఓహో, మీరు వీళ్ళ కంపెనీకి గ్రేప్స్ అమ్ముతారా? సత్తిబాబు చెప్తున్నాడు" అంది.

టెరేసా సత్తిబాబు వైపు చూసింది. అతను చేతిలో సాంబారు గరిటెతో నిలబడి, కళ్ళతోనే బతిమాలాడు. ఆవిడ చూపు అతని మీదనుంచి వాసుదేవరావు పట్టుపంచె మీదికి, అక్కణ్ణించి కలశం మీదికి వెళ్ళి, తిరిగి ఆకులోని బూరె మీద ఆగింది.

"అవును, గ్రేప్స్" అంది. ఒక క్షణం ఆగి, "సత్యా చాలా మంచి కస్టమర్" అని కూడా చేర్చింది.

పాల్ తల దించుకుని తినడం మొదలుపెట్టాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కాత్యాయని లోపలికి వెళ్ళిపోయింది. సత్తిబాబుకి తప్పు బయటపడినా ఇంత సిగ్గు ఉండేది కాదు. ఇన్నేళ్ళలో టెరేసా నోట ఒక్క అబద్ధం వినలేదు అతను. వాన పడి పంట పాడైతే పాడైందని కొనేవాళ్ళకి ముందే చెప్పే మనిషి. ఆ మనిషి చేత, తన ఇంట్లో, తన పేరుగల దేవుడి ముందు అబద్ధం చెప్పించాడు.

వెళ్ళేటప్పుడు కాత్యాయని ఆవిడకి బొట్టు పెట్టి, జాకెట్టు గుడ్డా కొబ్బరికాయా చేతిలో పెట్టి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. టెరేసా గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ సత్తిబాబుని మెల్లిగా అడిగింది.

"పాప చూసిందా?"

దేన్నో అతనికి తెలియలేదు. "చూపిస్తాను" అన్నాడు. అది తొంభై ఒకటో అబద్ధమో, తొంభై రెండోదో.

సాయంత్రానికి చుట్టాలూ స్నేహితులూ వెళ్ళిపోయారు. నాలుగేళ్ళ సృజన ఐస్‌క్రీమ్ కావాలంటే వాసుదేవరావు మనవరాల్ని తీసుకుని గరాజులోకి వెళ్ళాడు. కాసేపటికి సృజన ఒక్కతే వచ్చింది.

"డాడీ, సంథింగ్ ఎక్స్‌ప్లోడెడ్. తాతా ఈజ్ రీడింగ్ ఇట్" అంది.

సత్తిబాబు వెళ్ళేసరికి ఫ్రీజర్ మూత తెరిచి ఉంది. సీసా పగిలిపోయింది. బెండకాయ పొట్లాల మీదా మునక్కాడల మీదా పసుపుపచ్చని మంచు పేరుకుని, మధ్యమధ్య గాజుపెంకులు మెరుస్తున్నాయి. చల్లటి పులుపు వాసన గరాజంతా నిండింది. తండ్రి ఒక పెద్ద పెంకుని తువ్వాలుతో పట్టుకుని, కళ్ళజోడు పైకెత్తి చూస్తున్నాడు. పెంకుకి లేబుల్ అంటుకుని ఉంది. దాని మీద తెలుగు అక్షరాల్లో 'సృజన' అని, కింద పాప పుట్టిన సంవత్సరం.

"ఈ వట్రసుడి నీదే" అన్నాడు వాసుదేవరావు. "ఎన్నిసార్లు దిద్దించినా సగంలో వదిలేసేవాడివి."

సత్తిబాబుకి అప్పుడు గుర్తొచ్చింది. పాప పుట్టిన వారం టెరేసా ఒక కాగితం ఇచ్చి, పేరు మీ అక్షరాల్లో రాయమంది. చూసి ముచ్చటపడడానికేమో అనుకుని రాసిచ్చాడు, మర్చిపోయాడు. వాళ్ళింట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఇంట్లో బిడ్డ పుడితే ఆ ఏటి పంటలోంచి పన్నెండు సీసాలు ఆ బిడ్డ పేరిట పక్కన పెడతారు. మొదటిది ఆ బిడ్డ ఇంట జరిగే మొదటి శుభకార్యానికి తెరుస్తారు. అది రక్తసంబంధీకులకే తప్ప ఇంకెవరికీ చెయ్యగా అతను వినలేదు. గోదాములో వెనక మూల గోనెసంచి కప్పిన చిన్న బల్ల ఒకటుంది. "అవి నువ్వు తిప్పక్కర్లేదు, నా పని" అనేది టెరేసా. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయిన ఆవిడ ఎవరి కోసం తిప్పుతోందో అతను ఏనాడూ అడగలేదు.

సత్తిబాబు గరాజు నేల మీదే కూర్చుని తండ్రికి అంతా చెప్పేశాడు. ఫుడ్ కంపెనీ లేదు, మేనేజర్ లేడు, వైన్ చేస్తాను, సీసాలు తిప్పుతాను, ఆవిడ నా యజమాని, ఇదంతా నీకు తెలిస్తే తట్టుకోలేవని దాచాను. చెబుతున్నంతసేపూ తండ్రి మొహం చూడలేకపోయాడు.

వాసుదేవరావు తిట్టలేదు. ఖాళీ పాలడబ్బాల పెట్టె ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు.

"నేను టీచరు ట్రైనింగ్‌లో చేరిన రోజు అప్లికేషన్లో తండ్రి వృత్తి రాయమన్నారురా. వ్యవసాయం అని రాశాను. మా నాన్న పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయనకి చదువు రాదు కదా. ఏం రాశావురా అని అడిగాడు. నీ పనే రాశాను నాన్నా అన్నాను." వాసుదేవరావు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎంత సంతోషించాడో. ఊళ్ళో అందరికీ చెప్పాడు, మావాడు సర్కారు కాగితం మీద నా పని రాశాడని."

"నీకెవరు నేర్పారా అనుకోకు. నేనే" అన్నాడు వాసుదేవరావు. "ఆవిడ మొహం భోజనాల దగ్గర చూశానురా. ఏదో జరిగిందనుకున్నాను, ఏంటో తెలీలేదు. రేపు నన్ను అక్కడికి తీసుకెళ్ళు."

ఆదివారం మధ్యాహ్నానికి కొండెక్కారు. వాసుదేవరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మిగిలిన బూరెలు స్టీలు డబ్బాలో పెట్టుకుని ఒళ్ళో పట్టుకున్నాడు. తోట దగ్గర ఆకులు రాలిన ద్రాక్షతీగలు వరసల్లో నిలబడి ఉన్నాయి, ఎండ ఉన్నా గాలి ఎముకలు కొరుకుతోంది.

టెరేసా గోదాములోనే ఉంది. చర్చికి వేసుకెళ్ళిన మంచి బట్టల మీదే పని గుడ్డ కట్టుకుని, వెనక మూల ఆ చిన్న బల్ల దగ్గర నిలబడింది. వీళ్ళని చూసి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. వాసుదేవరావుకి నమస్కారం పెట్టింది, నిన్న నేర్చుకున్నది.

ఇప్పుడు అనబోయే మాట నిన్న భోజనాల దగ్గర అనాల్సింది. ఇరవై నాలుగు గంటలు ఆలస్యంగా, వినడానికి ఎవరూ లేని చోట అంటున్నందుకు కూడా సత్తిబాబుకి సిగ్గేసింది. అయినా అన్నాడు.

"టెరేసా, మా నాన్నగారు. నాన్నా, నేను పనిచేసేది ఈవిడ దగ్గర." తర్వాత గొంతు సరిచేసుకుని మిగతాదీ చెప్పాడు. సీసా దాచడానికే ఫ్రీజర్లో పెట్టానని, పగిలిపోయిందని, లేబుల్ అప్పుడే చూశానని.

టెరేసా వెళ్ళి బల్ల మీది గోనెసంచి తీసింది. పదకొండు సీసాలు తలకిందులుగా గుచ్చి ఉన్నాయి, పైన పలక మీద సుద్దతో సృజన పేరు, ఆ కాగితం చూసి దించుకున్న వంకరటింకర అక్షరాలు. పన్నెండో చిల్లు ఖాళీగా ఉంది. వాసుదేవరావు దగ్గరికెళ్ళి ఆ పలకని చదివాడు. తర్వాత గట్టిగా గాలి పీల్చి, "మా నాన్న చొక్కా ఇలాగే వాసన వేసేదిరా" అన్నాడు తెలుగులో.

"ఇవాళ చర్చిలో పూజకి ముందు ఫాదర్ దగ్గరికి వెళ్ళాను సత్యా" అంది టెరేసా. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే అతన్ని చంపేస్తోంది. "నలభై ఏళ్ళుగా ఆయనకీ, ఆయనకి ముందున్నాయనకీ నేను అవే పాపాలు చెప్పుకుంటాను. కోడలి మీద విసుక్కున్నాను, ఉపవాసం రోజు చీజ్ తిన్నాను. ఇవాళ కొత్తది చెప్పాను. ఒక ఇంట్లో, వాళ్ళ దేవుడి ముందు కూర్చుని, వాళ్ళ అన్నం తింటూ అబద్ధం ఆడానని. ఆయన ఆశ్చర్యపోయి ఎందుకని అడిగారు. మా ఇంటి పిల్లాడొకడు ఆడమన్నాడు అన్నాను."

సత్తిబాబు ఖాళీగా ఉన్న పన్నెండో చిల్లు వైపు చూశాడు.

"ఫాదర్ క్షమించారు. నాది అయిపోయింది" అందావిడ. "మీవాళ్ళు ఎక్కడికి వెళ్ళి చెప్పుకుంటారు?"

వెటకారానికి అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది. సత్తిబాబు ఆలోచించాడు. వ్రతం నిన్ననే అయింది, ప్రసాదం అరిగిపోయింది కూడా. అన్నవరం చాలా దూరం. దేవుడికి చెప్పడంలో కష్టమేముంది, ఆయన ఎవరికీ చెప్పడు. తండ్రి వైపు చూశాడు. తండ్రి పలక వైపే చూస్తున్నాడు.

సత్తిబాబు ఫోను తీశాడు. గోదాములో సిగ్నల్ ఉండదు. గుమ్మం దాకా నడిచి, ఒక్క గీత కనిపించిన చోట ఆగి, శేషుకుమారి ఆంటీ నంబరు నొక్కాడు.

"ఏం బాబూ, బూరెలేమైనా మిగిలాయా?" అంది ఆవిడ అవతలినుంచి.

"మిగిలాయండి. ఆంటీ, నిన్న మా ఇంటికొచ్చిన పెద్దావిడ గురించి మీకు అబద్ధం చెప్పానండి. ఆవిడ మాకేమీ అమ్మదు. నేనే ఆవిడ దగ్గర పనిచేస్తాను. వైన్ చేసే చోట. ఆరేళ్ళయింది." అతను ఆపలేదు. "మా తాత కల్లు గీసేవాడండి. అది కూడా ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే మీరు చెప్పండి. అడక్కపోయినా చెప్పండి."

టెరేసాకి తెలుగు రాదు. అయినా అతని పక్కకొచ్చి, చేతులు కట్టుకుని, తల వంచుకుని చివరిదాకా వింది.